రాధారాణి ముక్కు, సుందర్ రాజ్ నాలుక

1984లో అలబామా రాష్ట్రం హంట్స్‌విల్ ఊళ్ళో ముప్ఫై ఒక్క తెలుగు కుటుంబాలుండేవి. వాళ్ళలో టీవీలో కనపడేవాళ్ళు ఇద్దరు. మిగతావాళ్ళమంతా ఇంట్లో కూర్చుని ఆ ఇద్దరి వంటల్లో తప్పులు పట్టేవాళ్ళం. పని పంపకం బాగానే కుదిరింది.

ఊళ్ళో కేబుల్ వాళ్ళకి ఒక లోకల్ చానెల్ ఉండేది. సిటీ కౌన్సిల్ మీటింగులు, చర్చి పాటలు, తప్పిపోయిన కుక్కల ఫొటోలు చూపించాక కూడా వాళ్ళకి బోలెడు టైం మిగిలిపోయేది. ఎవరైనా వచ్చి అరగంట నింపుతామంటే చానెల్ నడిపే మిస్ డోరిస్ కాదనేది కాదు. అలా మంగళవారం సాయంత్రం ఆరున్నర రాధారాణికి దొరికింది.

రాధారాణిది తెనాలి. హాస్పిటల్ ల్యాబ్‌లో ఉద్యోగం. వయసు ముప్ఫై మూడు, పెళ్ళి కాలేదు. ఈ సంగతి ఆమెకంటే మాకే ఎక్కువ గుర్తుండేది. తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్‌కి కొత్తవాళ్ళెవరైనా వస్తే మా అసోసియేషన్ ప్రెసిడెంట్ భార్య విజయశ్రీ, "ఈమె రాధారాణి, పాపం" అని పరిచయం చేసేది. ఎనిమిదేళ్ళలో ఆ 'పాపం' ఆమెకి రెండో ఇంటిపేరయిపోయింది. టీవీ ప్రోగ్రాం మొదలైన మూడోవారం విజయశ్రీ మొదటిసారి, "ఈమె మన టీవీ రాధారాణి" అంది. ఆ రోజు రాధారాణి ఇంటికెళ్ళి అద్దంలో చూసుకుని ఆ మాట తనే రెండుసార్లు అనుకుందట. ఆ అరగంట ఆమెకెంత ముఖ్యమో ఇంతకంటే చెప్పక్కర్లేదు.

ఆమె వంటలో ఒక విశేషం ఉంది. రుచి చూడదు. దేవుడికి పెట్టకముందు నోట్లో వేసుకుంటే ఎంగిలని వాళ్ళమ్మ నేర్పింది. గిన్నె మీదికి వంగి, కళ్ళు మూసుకుని, వాసన పీల్చి, "ఇంకో అర చెంచా ఉప్పు" అనేది. ఆ అర చెంచా ఎప్పుడూ తప్పేది కాదు. వంట అయ్యాక కాస్త చిన్న స్టీలు గిన్నెలోకి తీసి, స్టూడియో అరలో పిండి డబ్బా వెనకాల పెట్టి, క్షణం నిలబడేది. అక్కడ అగ్గిపెట్టెంత వెంకటేశ్వరస్వామి ఫొటో ఉండేది. అది కెమెరాకి కనపడదు. పిండి డబ్బా వెనక ఏముందో చెప్పమని అలబామా ఆడవాళ్ళు చానెల్‌కి ఉత్తరాలు రాసేవాళ్ళు. ఒకావిడ మాత్రం విస్కీ అని తేల్చేసింది.

గురువారం ఆరున్నర సుందర్ రాజ్‌ది. ఇతనిది నరసాపురం. రోడ్ల డిపార్ట్‌మెంట్‌లో ఇంజనీరు. వయసు ముప్ఫై ఆరు, బ్రహ్మచారి. మగవాడు కాబట్టి ఇతని పేరు వెనకాల పాపం ఉండేది కాదు. ఆదివారాలు వాళ్ళింటి హాల్లో తెలుగు ప్రార్థన, తర్వాత భోజనం. ప్రార్థన ఎన్నింటికి అయిపోతుందో మాలో హిందువులు ముందుగానే ఫోన్ చేసి కనుక్కునేవాళ్ళు.

సుందర్ రాజ్ రెండు నిమిషాలకోసారి రుచి చూస్తాడు. అరచేతిలో చుక్క వేసుకుని, నాకి, బాగుంటే నాలికతో 'టక్' అంటాడు. షర్టుకి మైకు ఉండటంవల్ల ఆ టక్కు ఊరంతా వినపడేది.

ఒక మంగళవారం రాధారాణి గోంగూర దొరక్క, కొలార్డ్ అనే అక్కడి ఆకుకూరలో నిమ్మరసం కలిపి గోంగూర పచ్చడి చేసింది. గురువారం సుందర్ రాజ్ కెమెరా వైపు చూసి ఇంగ్లీషులో, "కొంతమంది దీన్ని గోంగూర అంటున్నారు. గోంగూరకి అవమానం, నిమ్మకాయకి నష్టం" అన్నాడు. అదే రోజు గ్రిట్స్ అనే అక్కడి మొక్కజొన్న రవ్వతో ఉప్మా చేశాడు. పై మంగళవారం రాధారాణి, "కొంతమంది వంట చేస్తూ చెయ్యి నాకుతారు. వాళ్ళింటికెళ్తే ఉప్మా తినకండి, షేక్‌హ్యాండ్ కూడా ఇవ్వకండి" అంది. మంగళవారం రాత్రి రాధారాణికి ఫోన్ చేసి బాగా అన్నావన్నవాళ్ళమే గురువారం సుందర్ రాజ్‌కి ఫోన్ చేసి బాగా అన్నారనేవాళ్ళం. న్యాయం ఇద్దరికీ జరగాలి కదా.

సుందర్ రాజ్ దగ్గర ఉండటానికి జూలైలో వాళ్ళమ్మ కరుణమ్మ వచ్చింది. నరసాపురంలో హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరైన మనిషి. కొడుకు రాధారాణి ప్రోగ్రాంని వీసీఆర్‌లో రికార్డు చేసి మళ్ళీమళ్ళీ చూడటం ఆవిడ గమనించింది.

"ఏవిట్రా, ఆ అమ్మాయినే మళ్ళీ వేశావ్?"

"తప్పులు వెతుకుతున్నానమ్మా."

"మూడోసారి వెతుకుతున్నావ్. దొరికాయా?"

"ఇంకా లేదమ్మా."

"బాగా వెతుకు నాయనా. ఇందాక నవ్వింది చూడు, అక్కడ ఆపి వెతుకు."

సెప్టెంబరులో మిస్ డోరిస్ ఇద్దర్నీ పిలిచింది. హైస్కూల్ ఫుట్‌బాల్ గురించి మాట్లాడుకోవడానికి ఎవరికో గురువారం కావాలట. అమెరికాలో ఆ ఏరియాలో ఫుట్‌బాల్‌కి అడ్డం చెప్పేవాళ్ళు పుట్టలేదు. "వంట ప్రోగ్రాం ఒక్కటే ఉంటుంది హనీ. శనివారం మూడింటికి లైవ్‌లో ఇద్దరూ పక్కపక్కన వండండి. గెలిచినవాళ్ళకి మంగళవారం" అంది. వండాల్సింది బెండకాయ. అది తమదేనని అలబామా వాళ్ళూ, మాదేనని మేమూ గట్టిగా నమ్ముతాం. జడ్జీలు ఫైర్ చీఫ్, ఇద్దరు చర్చి ఆడవాళ్ళు.

ఆ శనివారం పొద్దున రాధారాణి లేచేసరికి ముక్కు మూసుకుపోయింది. ఆ రోజుల్లో అక్కడ గాలంతా కలుపు మొక్కల పుప్పొడే. సగం ఊరు తుమ్ముతూ ఉంటుంది. కానీ సగం ఊరు ముక్కుతో వంట చెయ్యదు. ఎవరికీ చెప్పకుండా ముఖం కడుక్కుని స్టూడియోకి వచ్చింది. మేము ముందు వరసల్లో కూర్చున్నాం, కరుణమ్మ, విజయశ్రీ మా మధ్యలో.

రాధారాణి బెండకాయ పులుసు పెట్టింది, సుందర్ రాజ్ వేపుడు మొదలుపెట్టాడు. అరగంట గడిచింది. రాధారాణి గిన్నె మీదికి వంగింది, లేచింది, మళ్ళీ వంగింది. విరామం వచ్చింది. కుక్కల ఫొటోలు వేసి, "రెండు నిమిషాలు!" అని అరిచింది మిస్ డోరిస్. మేము చెవులు అప్పగించాం.

"రాధారాణిగారూ, ముక్కు పట్టేసిందాండీ?" అన్నాడు సుందర్ రాజ్ మెల్లిగా.

"మీ మూకుడు మీరు చూసుకోండి."

"మీరు మూడుసార్లే వాసన చూస్తారండి. చింతపండు పోశాక, ఉప్పేశాక, బెల్లం వేశాక. ఇవాళ పదకొండుసార్లు చూశారు."

"లెక్కపెడుతున్నారా మీరు?"

అతని చెవులు ఎర్రబడ్డాయి. "ఉప్పు రెండుసార్లు వేసేశారండి. ఫైర్ చీఫ్ మిమ్మల్ని పలకరించినప్పుడు మాటల్లో ఒకసారి పడిపోయింది."

"ఓహో. ఇప్పుడు నేను కంగారుపడి నీళ్ళు పొయ్యాలి, అది చప్పగా ఏడవాలి, మీరు గెలవాలి. అంతేనా?"

"అయితే మీరే ఓ చుక్క నోట్లో వేసుకు చూడండి."

"ముప్ఫై మూడేళ్ళలో చూళ్ళేదు. ఇవాళ ఫైర్ చీఫ్ కోసం చూస్తానా?"

"పోనీ నేను చూస్తానండి."

రాధారాణి ఆలోచించింది. మనిషిని నమ్మొచ్చో లేదో తెలీదు కానీ ఆ నాలికని నమ్మొచ్చని ప్రతి గురువారం చూసింది కాబట్టి తెలుసు. "స్వామికి పెట్టకుండా మీకెలా పెడతానండీ?"

"అయితే పెట్టేయండి, తొందరగా."

ఆమె స్టీలు గిన్నెలోకి పులుసు తీసి పిండి డబ్బా దాకా వెళ్ళింది.

"ఆగండాగండి! పెట్టాక నేను తినకూడదండి. ప్రసాదం అయిపోద్ది. మా అమ్మ ఎదురుగా కూచుంది."

ఇద్దరూ ఆ గిన్నె వైపు చూస్తూ నిలబడిపోయారు. పెట్టకముందు ఆమె ఇవ్వకూడదు. పెట్టాక అతను తినకూడదు. టీవీలో రెండో కుక్క వచ్చింది.

"ఏవిట్రా ఆ గుసగుసలు?" అంది కరుణమ్మ కుర్చీలోంచి.

"ఉప్పమ్మా!"

"ఉప్పయితే నోట్లో వేసుకుని చావు!"

"స్వామికి పెట్టాక వేసుకుంటే ప్రసాదమమ్మా!"

కరుణమ్మ ఆ గిన్నెనీ, రాధారాణి ముఖాన్నీ, కొడుకు చెవుల్నీ చూసింది. "విజయశ్రీ, ఈ లైట్లు కళ్ళలో పడుతున్నాయమ్మా. కాసేపు ప్రార్థన చేసుకుంటాను" అని కళ్ళు మూసుకుంది. ఆవిడ ప్రార్థన ఇరవై నిమిషాలకి తక్కువ ఉండదని మాలో ఆకలేసినవాళ్ళందరికీ తెలుసు.

"పెట్టేయండి, తింటాను" అన్నాడు సుందర్ రాజ్.

సరిగ్గా అదే క్షణాన రాధారాణి, "పెట్టకుండానే చూడండి. స్వామికి నేను చెప్పుకుంటాను" అంది.

"వద్దండీ, మీ పద్ధతి మీకుంది."

"మీ పద్ధతి మీకుంది కదండీ."

మూడో కుక్క వెళ్ళిపోయింది. "పది సెకన్లు!" అంది మిస్ డోరిస్. రాధారాణి ఇక మాట్లాడకుండా అతని చెయ్యి పట్టుకుని, అరచేతిలో చెంచాడు పులుసు పోసింది. కెమెరా మీద ఎర్ర లైటు వెలిగింది. పెళ్ళికాని ఆడది పెళ్ళికాని మగాడి చేతిలో పులుసు పొయ్యడం, అతను దాన్ని నాకడం హంట్స్‌విల్ ఊరంతా లైవ్‌లో చూసింది.

టక్కు వినపడలేదు. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"సముద్రమండీ" అన్నాడు.

రాధారాణి ముఖం పాలిపోయింది. నా పక్కన విజయశ్రీ అప్పటికే 'పా' అనడానికి పెదాలు కలిపింది.

వేపుడికి ఉప్పు చివర్లో వేస్తారు, ముందే వేస్తే జిగురొస్తుంది. సుందర్ రాజ్ ఇంకా వెయ్యలేదు. అతను మూకుడు ఎత్తి, ఆ చప్పటి బెండకాయ ముక్కలన్నీ ఆమె పులుసులో వంచేశాడు. మిగిలిన చింతపండు రసం, రెండు గ్లాసుల నీళ్ళు పోశాడు.

"అయ్యో, అది మీ వేపుడండీ!"

"బెల్లం ఇంకో ముక్క వెయ్యండి. తుమ్మకండి, గిన్నెలో పడుద్ది."

పది నిమిషాల తర్వాత ఇంకోసారి చెయ్యి చాపాడు, ఆమె ఇంకోసారి పోసింది. ఈసారి టక్కు స్టూడియో అంతా మోగింది. రాధారాణి పిండి డబ్బా దగ్గర మామూలుకంటే ఎక్కువసేపు నిలబడింది. క్షమాపణకి టైం పడుతుంది.

ఫైర్ చీఫ్ మూడు గిన్నెలు తిన్నాడు. సుందర్ రాజ్ ముందు ఖాళీ మూకుడు చూసి, "మీదేమైంది సర్?" అని అడిగాడు.

"మాడిపోయిందండి" అన్నాడు సుందర్ రాజ్. అరగంట కిందట ఊరంతా చూసిన విషయం మీద అబద్ధం ఆడటం తేలిక కాదు. ఆడాడు.

మంగళవారం రాధారాణికి వచ్చింది. సోమవారం సుందర్ రాజ్ ఇంట్లో ఫోన్ మోగింది.

"ముక్కింకా తెరుచుకోలేదండీ. రేపు ఖాళీయేనా?"

"మంగళవారాలు ఎప్పుడూ ఖాళీయేనండి. మీ ప్రోగ్రాం చూస్తాను కదా."

ముందా తర్వాతా అన్న చిక్కుకి కరుణమ్మే దారి చెప్పింది. రాధారాణి రెండు గిన్నెలు తీస్తుంది. మిస్ డోరిస్ మూడు, రెండు, ఒకటి అని లెక్కపెడుతుంది. ఎడమ చెయ్యి అతనికి, కుడి చెయ్యి పిండి డబ్బా వెనక్కి, రెండూ ఒక్కసారే. అటు స్వామికి ఎంగిలి కాదు, ఇటు ఇతనికి ప్రసాదం కాదు. అలబామా ఆడవాళ్ళు ఇది కూడా వంటలో భాగమేననుకుని ఇంట్లో లెక్కపెట్టి చేస్తున్నట్టు ఉత్తరాలు రాశారు.

మా అసోసియేషన్ దీపావళిని హాలు దొరికిన శనివారం, అంటే నవంబరు మూడో వారంలో జరుపుకుంది. అప్పటికి మంచు పడి పుప్పొడంతా చచ్చిపోయింది. రాధారాణి హాల్లోకి అడుగుపెడుతూనే, ఇరవై గజాల దూరంలో మూతపెట్టి ఉన్న విజయశ్రీ సాంబారు వైపు తిరిగి, "ఇంగువ ఎక్కువైందండీ" అంది. మేమందరం విన్నాం. మరుసటి మంగళవారం టీవీలో ఆమె ప్రోగ్రాం మొదట్లోనే రెండుసార్లు తుమ్మి, "ముక్కింకా తగ్గలేదు" అంది. అదీ మేమందరం విన్నాం. ఎవరం ఏమీ అనలేదు. అంటే ఆమెతో అనలేదు. విజయశ్రీ మాత్రం కొత్తవాళ్ళకి, "ఈమె టీవీ రాధారాణి, ఈయన ఆమె నాలుక. ప్రోగ్రాం పోయింది, పాపం" అని పరిచయం చేయడం మొదలుపెట్టింది. పాపం ఎక్కడికీ పోలేదు, చెయ్యి మారిందంతే.

జనవరిలో కరుణమ్మ తిరుగు ప్రయాణం. వెళ్ళేముందు మంగళవారం స్టూడియోకి వచ్చింది. సుందర్ రాజ్ దూరంగా బెండకాయలు తుడుస్తున్నాడు. రాధారాణి మైకు తగిలించుకుంటోంది.

"అమ్మాయ్, జనవరిలో పుప్పొడి ఎక్కడిదే?"

"ఉంటుందండీ. అలబామాలో ఉంటుంది."

"ఎప్పటిదాకా ఉంటుందేం?"

రాధారాణి మైకు క్లిప్పు రెండుసార్లు సర్దుకుంది. "మీ అబ్బాయి అడిగేదాకా."

కరుణమ్మ వెనక్కి తిరిగింది. "ఒరే, ఈ అమ్మాయిని నువ్వేదో అడగాలంట. అడుగు."

సుందర్ రాజ్ బెండకాయ పట్టుకుని దగ్గరికి వచ్చాడు. చెవులు మళ్ళీ ఎర్రబడ్డాయి. చాలాసేపు ఆలోచించి, "చింతపండు నానబెట్టారాండీ?" అన్నాడు.

కరుణమ్మ నుదురు కొట్టుకుంది. "రోడ్డేసినా ఇంతే వీడు. ఊరి పొలిమేర దాకా వేసి వచ్చేస్తాడు."

"అడుగుతానమ్మా" అన్నాడతను. రాధారాణి వైపు తిరిగి, "ముందు మీ స్వామికి చెప్పుకుంటారా, నేనడిగాక చెప్పుకుంటారాండీ?" అన్నాడు.

"రెండూ ఒక్కసారే" అంది రాధారాణి, ఎడమ చెయ్యి చాపుతూ.

ఎర్ర లైటు ఎప్పుడో వెలిగిందని వాళ్ళకి తెలీదు. మిస్ డోరిస్‌కి తెలుసు, చెప్పలేదు. మిగిలిన ఇరవై తొమ్మిది ఇళ్ళలో అందరం ఒకేసారి ఫోన్లు ఎత్తాం. అన్నీ ఎంగేజ్ వచ్చాయి.