తొడ పాఠం

ఇబ్రహీంపట్నం బెస్తవాడలో డాక్టరీ చదువుకు హైదరాబాదు పోయిన మొదటివాడు కొండల్. రెండేళ్ళు నిండకముందే వాడలో అందరూ అతన్ని డాక్టరు సాబ్ అనడం మొదలుపెట్టారు. పిలుపు ముందొచ్చింది, విద్య వెనకే వస్తుందిలే అని అతనూ ఊరుకున్నాడు.

చెడ్డవాడేం కాదు, మొహమాటస్తుడు. మొహమాటానికి పోతే ఏమవుతుందో చెప్పే సామెత ఇక్కడ రాయకూడదు గానీ, అందరికీ తెలిసిందే. హాస్టల్లో దోస్తులు చాయ్‌కి పిలిస్తే పుస్తకం మూసి పోయేవాడు. ఊళ్ళో ఎవరింట్లో పురుడైనా, పెళ్ళైనా ముందు వరసలో ఉండేవాడు. చుట్టరికం చెడకుండా, చదువు చెడకుండా రెండు పడవల మీదా కాళ్ళేసి ఎలాగో నెట్టుకొస్తున్నాడు.

నలభై ఏడు ఎండాకాలంలో చిన్ననాటి దోస్తు చెన్నయ్య పెళ్ళి కుదిరింది. ఒకే వలకు చెరో కొస పట్టుకుని పెరిగిన వాళ్ళిద్దరూ. సరిగ్గా ఆ వారమే కాలేజీలో శవం తొడ కోసి చూపించే పాఠం. చెన్నయ్య స్వయంగా హాస్టలుకొచ్చి కూర్చున్నాడు.

"ఒక్క రోజుకు వస్త," అన్నాడు కొండల్.

"తోటి పెండ్లికొడుకువు నువ్వే. నువ్వు లేకుంటే నేను పీట మీద కూసోను."

"తొడ పాఠం ఉన్నదిరా. ఒక్కపారి పోతే మల్ల చెప్పరు."

"తొడ యాడికి పోతది? నాకు రెండున్నయి. ఎప్పుడంటే అప్పుడు చూస్కో," అన్నాడు చెన్నయ్య. ఇద్దరూ కడుపుబ్బ నవ్వుకున్నారు.

ఆ వాడలో తోటి పెళ్ళికొడుక్కీ కంకణం కడతారు. అది విప్పేదాకా పొలిమేర దాటకూడదు. ఒక్క రోజనుకున్నది ఐదు రోజులైంది. తిరిగి వెళ్ళేసరికి ఆ శవాన్ని పూడ్చేశారు. కొండల్ దోస్తు పుస్తకం అడుక్కుని తొడ బొమ్మ గీసుకున్నాడు, గుండె నుంచి దిగే రక్తనాళానికి ఎర్ర సిరాతో ఒక గీత, తిరిగి ఎక్కేదానికి నీలం సిరాతో ఒక గీత. ఉర్దూ పేర్లు బట్టీ పట్టాడు. మార్కులు బాగానే వచ్చాయి. ఆ రక్తనాళం ఎంత లోతున ఉంటుందో, ఎక్కడ వేలికి తగులుతుందో మాత్రం అతనికి తెలియదు. తర్వాత చూసుకుందాం అనుకున్నాడు.

మరుసటి మాఘంలో గొడవలు ముదిరాయని తండ్రి అతన్ని ఇంటికి పిలిపించాడు. అప్పటికి చెన్నయ్య నిజాంతో కొట్లాడే సంఘంలో తిరుగుతున్నాడు. ఒక పొద్దున రజాకార్లు వాడ మీద పడి కాల్చారు. చెన్నయ్య తొడ పైభాగాన తూటా దిగింది. అతన్ని చెరువుకట్ట కింద వలల గుడిసెలో దాచారు.

కొండల్ పరుగెత్తుకెళ్ళేసరికి చెన్నయ్య భార్య రుక్కమ్మ మొగుడి గజ్జలో పిడికిలి గుచ్చి, ఒళ్ళంతా దాని మీదే మోపి కూర్చుని ఉంది. అలా చెయ్యమని ఆమెకు ఎవరూ చెప్పలేదు. నెత్తురు ఎక్కడ ఉబుకుతుందో దానికి పైన నొక్కింది, ఆగింది, అంతే. గంట నుంచీ కదల్లేదు.

"కొడుకా, బండి కట్టమంటవా?" అన్నాడు కులపెద్ద బుగ్గయ్య. "గడ్డి కింద పండవెట్టి హైదరాబాద్ దవాఖానకు తీస్కపోదం. పిల్ల చెయ్యి గట్లనే ఉండనీ."

నాకు రాదు, తీసుకుపోండి అంటే సరిపోయేది. కొండల్‌కు ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. చుట్టూ చూశాడు. డాక్టరు సాబ్ వచ్చిండని దారిచ్చి నిలబడ్డ ముఖాలే అన్నీ. సిగ్గేసింది. నెత్తురు ఆడకపోతే కాలు చచ్చిపోతుందని ఎప్పుడో ఏదో పాఠంలో విన్నది గుర్తొచ్చింది. ఆ అరముక్క పట్టుకుని పెద్దరికం తెచ్చుకున్నాడు.

"చెయ్యి తియ్యి చెల్లె. కాలు సచ్చిపోతది."

"తీస్తే మల్ల కారుతది గదన్నా?"

"డాక్టర్‌వి నువ్వా నేనా?"

చెన్నయ్య ఎండిన పెదాలతో నవ్వాడు. "ఇగ చూస్కోరా తొడ," అన్నాడు.

రుక్కమ్మ చెయ్యి తీసింది. నెత్తురు ఎగిరి పైన ఆరేసిన వలలకు కొట్టింది. కాగితం మీద ఎర్ర గీత సన్నగా ఉండేది. కొండల్ రెండు చేతులతో నొక్కాడు, ఉండాల్సిన చోటికి జానెడు కింద. రుక్కమ్మ మళ్ళీ పిడికిలి పెట్టబోతే మోచేత్తో తోసేశాడు. ఎవరో నీళ్ళు ముంచుకొచ్చేలోపే చెన్నయ్య పోయాడు.

"ఏమాయె కొడుకా?" అన్నాడు బుగ్గయ్య.

కొండల్ నెత్తుటి చేతులు తుడుచుకున్నాడు. "గంటసేపు గట్ల ఒత్తిపట్టింది. లోపల నెత్తురు గడ్డకట్టింది. నేనొచ్చేసరికే చెయ్యి దాటింది," అన్నాడు.

అందరూ రుక్కమ్మ వైపు తిరిగారు. చెన్నయ్య తల్లి ఈదమ్మ కోడలి చెయ్యి పట్టి నేలకేసి కొట్టింది. ఆ రోజు నుంచి ఆ చేత్తో వండింది ముట్టలేదు.

పదో రోజు దాటాక రుక్కమ్మ కొండల్ ఇంటికొచ్చింది. అతను హైదరాబాదు పోవడానికి పుస్తకాలు కడుతున్నాడు.

"అన్నా, నెత్తురాగింది గదా అని నొక్కిన. నిజంగ నా చెయ్యేనా సంపింది?"

ఇంట్లో ఇంకెవరూ లేరు, చాటున వినేవాళ్ళు అసలే లేరు. నిజం చెప్పడానికి ఇంతకంటే మంచి అదను దొరకదని కొండల్‌కు తెలుసు. పుస్తకాల తాడు ముడి వేసి, మళ్ళీ విప్పి, మళ్ళీ వేశాడు.

"తెల్వక చేసినవ్ చెల్లె," అన్నాడు. "ఫికర్ చెయ్యకు. నిన్ను నేనేం అనను."

రుక్కమ్మ వంగి అతని కాళ్ళు మొక్కి, ఈదమ్మ ఇంటికి తిరిగి వెళ్ళింది.