నడిమి కుప్ప

పంతొమ్మిది వందల యాభై తొమ్మిది ఏప్రిల్ పదమూడున కురుమయ్య జొన్నరొట్టె, చింతతొక్కు తిని, మూతి తుడుచుకుంటూనే ఈల ఊదాడు. కొత్తకోట రోడ్డు మీద కంకర పరిచే ముఠాకు అతను మేస్త్రీ. ఈల వినగానే ఆడామగా లేచి పారలు, గంపలు, సమ్మెటలు, నేల గట్టిచేసే దిమ్మిసలు నడుమ కుప్పగా పోశారు. ఒక్కొక్కరే వచ్చి, ఆ రోజు తమ ఒంటికి ఓర్చేది తీసుకున్నారు. నిన్న దిమ్మిస వేసినవాడు ఇవాళ గంప ఎత్తవచ్చు. ఎవరూ ఎందుకని అడగరు. పని ఏ కొస నుంచి మొదలుపెట్టాలో కూడా ఆ కుప్ప చుట్టూ నిలబడే తేల్చుకునేవారు.

బాలింత నాగులమ్మ కోసం అందరూ నీళ్ల బిందె వదిలేశారు. దుర్గయ్య పెద్ద సమ్మెట భుజానికెత్తుకున్నాడు.

"నీ కొడుకు పెద్దగయినంక ఇది వానికే ఇస్త, వదినా."

"అప్పటిదాంక నీ నడుము ఉంటదా?" అంది నాగులమ్మ. ముఠా అంతా నవ్వింది.

కురుమయ్య బక్కమనిషి. కంకర దుమ్ముకు కనుబొమలు బూడిదరంగు తిరిగాయి. మెడలో ఈలకు కట్టిన తాడు, పోయిన భార్య ఈదమ్మ చీర అంచు. చెమటకు నాని, ఎండకు ఎండి, దాని ఎరుపు ఎప్పుడో వెలిసిపోయింది.

మధ్యాహ్నం ఓవర్సీరు సైకిల్ మీద వచ్చాడు. నాగులమ్మ పోసిన నీళ్లు తాగి, కురుమయ్యను పక్కకు పిలిచాడు.

"రేపటి నుంచి ఈ కుప్ప ఉండొద్దు. ఎవరి పనిముట్టు వాళ్లకే. ఎవరికేదో నువ్వే చెప్పు. చాతగానోళ్లను ఇంటికి పంపు. వానలకు ముందే రోడ్డు కావాలని పైనుంచి హుకుం."

"వాళ్లను అడుగుత సారూ."

"అడిగితే ఏమైంది మొన్న? అందరూ కూడి, మొరం తడపకముందే దిమ్మిస వేశారు. పనంతా మట్టిపాలు."

అది నిజమే. కురుమయ్య తల దించుకోలేదు.

"తప్పయింది సారూ. అందరం చేసినం, అందరం తవ్వి దిద్దుకున్నం. నేనొక్కణ్ణే చెప్పి తప్పయితే ఎవరు దిద్దుతరు?"

"మేస్త్రీ నువ్వా, వాళ్లా?"

"ఈల నాది. కుప్ప వాళ్లది."

"అయితే ఈల ఇచ్చెయ్." ఓవర్సీరు గొంతు పెంచలేదు. అతని కళ్లలోనూ అలసట ఉంది. "ఈ వయసుల నీకు ఇంకెక్కడ పని దొరుకుతది? జర ఆలోచించుకో."

కంకర తెచ్చిన బండి నీడలో నాగులమ్మ బిడ్డకు పాలిస్తోంది. కురుమయ్య అటు చూసి, "ఆలోచించిన సారూ," అన్నాడు.

పొద్దు వాలాక చివరిసారి ఈల ఊదాడు. పనిముట్లు రేకుల కొట్టంలోకి చేరాయి. అంచుతాడు విప్పి మణికట్టుకు చుట్టుకుని, ఈల ఓవర్సీరు చేతిలో పెట్టాడు. ఇక మేస్త్రీ నువ్వేనంటూ ఓవర్సీరు దాన్ని దుర్గయ్యకిచ్చాడు.

దుర్గయ్య కాసేపు అరచేతిలో తిప్పిచూశాడు. కొట్టంలోకి వంగి, దాన్ని పనిముట్ల కుప్ప మీద పెట్టాడు.

"పొద్దుగాల ఎవరికి ఓరిస్తే వాళ్లు తీసుకుంటరు సారూ."

ఓవర్సీరు సైకిలెక్కాడు. నాగులమ్మ బిందెలో అడుగున మిగిలిన నీళ్లు కురుమయ్య దోసిట్లో పోసింది.

"రేపు ఎక్కడుంటవు మామా?"

"ఏడనో ఒక తాన. పిలగాడు పైలం."

గొంగడి భుజాన వేసుకుని అతను కొత్తకోట వైపు నడిచాడు. కొట్టానికి కాపలా ఉండే గుర్వయ్య అతను మలుపు తిరిగేదాకా చూసి, చప్పుడు కాకుండా తలుపు మూశాడు. లోపల పారల నడుమ, తాడు లేని ఈల.