మేనమామ చెంప

ధనుంజయ ఈ ప్రపంచంలో ఒక్కరంటే ఒక్కరికే భయపడతాడు. ఆ ఒక్కరికీ ఇంకా ఏడాది నిండలేదు. పేరు ఉరుకుందమ్మ, చెల్లెలు శివలీల కూతురు. ఉరుకుంద ఈరన్నకు మొక్కుకుంటే పుట్టిందని ఆ పేరు పెట్టారు గానీ, అంత పేరు అంత చిన్న పిల్ల మోయలేదని ఇంట్లో కుందు అంటారు.

మేనమామ కనబడితే పిల్లలు ఎగిరి గంతేస్తారంటారు. ధనుంజయ ముద్దు పెట్టుకోబోతే కుందు పెట్టే కేకకు ఎమ్మిగనూరులో అతనుండే నేతగాళ్ల వీధంతా మగ్గాలు ఆపి చూడాల్సిందే. తొట్లో వేసిన నాడు అలాగే కేక పెట్టింది. అన్నం ముట్టించిన నాడూ అంతే. కారణం ఎవరికీ తెలియనిదేం కాదు, అతని గడ్డం. వారం పెరిగిన ఆ గడ్డం కొబ్బరిపీచుకు పెద్దన్నలా ఉంటుంది. పోనీ రోజూ గీసుకుందామంటే, గీసిన మర్నాటికి మెడ నిండా ఎర్రగా పొక్కులు లేస్తాయి. అందుకని వారానికోసారి, అదీ తిట్టుకుంటూ, గీకి వదిలేసేవాడు.

బుధవారం మధ్యాహ్నం శివలీల ఫోన్ చేసింది. ఈ శ్రావణ సోమవారం ఉరుకుందలో, ఈరన్న గుడి దగ్గర, పాపకు పుట్టువెంట్రుకలు. వాళ్ల ఇళ్లలో ఆ పనికి బిడ్డ మేనమామ ఒడిలో కూర్చోవాలి, మొదటి కత్తెర మేనమామే వెయ్యాలి. ఆ సంగతి చెప్పడానికే చేసిందనుకుని ధనుంజయ హుషారుగా పలికాడు.

"అన్నా, తప్పుగా అనుకోవద్దు. మా అత్త ఒక మాట అంటాంది" అంది శివలీల, గొంతు తగ్గించి. "పాప నిన్ను చూస్తే గుక్కపట్టి ఏడుస్తాది కదా. కత్తి నెత్తిమీద ఉండేటప్పుడు ఎగిరెగిరి పడితే యాడ తెగుతాదో అని ఆమెకు భయం. వసంతకుమారన్నను కూర్చోబెడదామంటాంది. ఆయన గూడ మేనమామ వరసే కదా."

వసంతకుమార్ అంటే ధనుంజయ పెద్దనాన్న కొడుకు, వయసులో మాత్రం తమ్ముడు. ఆదోనిలో సెల్‌ఫోన్ల అంగడి. రోజూ పొద్దున్నే గీయించుకునే నున్నటి చెంపలు. కుందు అతన్ని చూడగానే చేతులు చాపుతుంది. మనిషి మంచివాడు కూడా, అదే ధనుంజయకు ఇంకా మంట.

"సరేలేమ్మా" అన్నాడు. ఫోన్ పెట్టేశాక మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని అరగంట ఊరికే కూర్చున్నాడు. శివలీలను వేలు పట్టుకుని బడికి తీసుకుపోయింది తను. పెళ్లిలో బుట్టలో కూర్చోబెట్టి మోసింది తను. ఆమె బిడ్డ తల మీద మొదటి కత్తెర ఇంకొకరు వెయ్యడమా? ఆ పూట అన్నం సయించలేదు.

"పాప ఏడిచేది నీ గడ్డానికి, నీకు కాదు" అంది భార్య మద్దమ్మ. "సోమవారం లోపల ఆ గడ్డం సంగతి చూడు. ఊరికే నా అన్నం మీద అలగద్దు."

గురువారం పొద్దున దాసన్న అంగడికి పోయాడు. దాసన్న ఆ బజారులో ముప్పై ఏళ్లుగా గడ్డాలు గీస్తున్న పెద్దమనిషి. ధనుంజయ మెడను వెలుతురు వైపు తిప్పి, కళ్లద్దాలు సర్దుకుని చూశాడు.

"నీ చర్మం పలచన, వెంట్రుక మొండిది. ఆ ప్లాస్టిక్ రేజరుతో ఒకే తావున పదిసార్లు గీకుతాండావు. పొక్కులు రాక పూలు పూస్తాయా?"

"అయితే సోమవారానికి నువ్వే గీయి దాసన్నా."

"ఆదివారం గీస్తే సోమవారం పొద్దునకు మళ్లీ ముళ్లు లేస్తాయప్పా. ఉరుకుందలోనే, పాప ఒడిలోకి వచ్చే ముందర గీయాల. ఆడ మంగలోళ్లకు గుండ్లు గీసేదానికే తీరదు. ఆ పొద్దు అంగడి వదిలిపెట్టి నేను యాడికి వచ్చేది? నీ చేత్తో నువ్వే గీసుకో."

అని, సొరుగులోంచి బరువైన ఇనుప సేఫ్టీ రేజర్ ఒకటి తీసి చేతిలో పెట్టాడు. అలా పెడితే తనకు రావాల్సిన గిరాకీ ఒకటి పోతుందని ఆయనకు తెలియదా? తెలుసు. అయినా పెట్టాడు.

"మొదట వేడినీళ్లలో ముంచిన గుడ్డ చెంపలకు కప్పి వంద లెక్కపెట్టు. బ్రష్షుతో నురగ బాగా పట్టించు. రేజర్ తల చెంపకు ఆనించి, కాడను మెల్లగా కిందికి దించు. వెంట్రుక తెగే సద్దు వినపడేదాకా దించి, ఆడ ఆపు. ఇంక నొక్కద్దు. దాని బరువే దాని పని చేస్తాది. నొక్కినావంటే నా పేరు చెప్పద్దు."

నొక్కవద్దంటే ఎవరికైనా చెప్పాలి గానీ ధనుంజయకు కాదు. ఆ వీధిలో అతని చేతికి పేరుంది. పోగును దగ్గరికి కొట్టాడంటే ఆ దెబ్బకు నేత గోడ కట్టినట్టు బిగుస్తుంది. అతను నేసిన చీర ఎండకు పట్టి చూస్తే వెలుతురు రాదని కొనేవాళ్లు చెప్పుకుంటారు. ఇరవై ఏళ్ల ఆ అలవాటు శుక్రవారం పొద్దున చెంప మీదికి దిగింది. గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తినట్టు, రెండు లాగులకే నాలుగు గాట్లు పడ్డాయి. మద్దమ్మ పేపరు ముక్కలు చించి అంటించింది. అంటిస్తూ నవ్వు ఆపుకోలేక గోడకు ఆనుకుంది.

"నవ్వు, నవ్వు. సోమవారం పాప వసంతకుమారు ఒళ్లో కూర్చున్నాక ఇంకా నవ్వుదువు" అన్నాడు ధనుంజయ. ఆ మాటకు మద్దమ్మ నవ్వు మానేసింది.

శనివారం తెల్లవారగానే వీధిలో పడుగు పరిచారు. పొడుగునా సాగదీసిన నూలుకు గంజి పట్టించి, ఇద్దరూ చెరో పక్క నిలబడి పెద్ద కుంచెతో దువ్వుతున్నారు. ఉన్నట్టుండి మద్దమ్మ ఆగింది.

"ఏమప్పా, పోగు ఎటు పోతే అటే దువ్వుతాండావు. ఎదురు దువ్వితే ఏమైతాది?"

"పోగులు లేస్తాయి, తెగుతాయి. నీకు తెలీదా?"

"గట్టిగా అదిమితే?"

"అదిమితే గంజంతా కారిపోతాది. ఊరికే తగిలీ తగలకుండా పోవాల."

"మరి నీ చెంప ఏం పాపం చేసింది?"

ధనుంజయ కుంచె చేతిలోనే పట్టుకుని నిలబడిపోయాడు. మగ్గం మీద బండ చెయ్యే గానీ, ఇదే చెయ్యి పడుగు మీద ఎంత తేలిగ్గా పోతుందో అతనికి ఎవరూ చెప్పలేదు. పని ముగించి, అద్దం ముందు కూర్చుని, వేళ్లతో గడ్డం తడిమాడు. చెంపల మీద వెంట్రుక కిందికి పోతోంది. దవడ దాటాక పైకి తిరిగింది. గొంతుకు ఎడమ పక్కన అడ్డంగా పడుకుంది. పొక్కులన్నీ లేచేది సరిగ్గా అక్కడే. ముప్పై నాలుగేళ్లుగా మోస్తున్న మొహం, ఏది ఎటు పోతుందో ఈ రోజు తెలిసింది.

ఆదివారం పొద్దున కాడను రెండు వేళ్లతో పట్టుకుని, పడుగు దువ్వినట్టే, వెంట్రుక పోయిన వైపే పోనిచ్చాడు. చర్రు చర్రుమని సన్నటి సద్దు. ఒక్క గాటు లేదు. నీళ్లతో కడుక్కుని చేత్తో రాసుకుంటే చెయ్యి జారిపోయింది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు ఇంకోసారి గీయబోయాడు. మద్దమ్మ వచ్చి రేజర్ లాక్కుంది.

"చాలు. రేపటికి కొంచెం మొహం మిగలనీ."

సోమవారం పొద్దున అతను అద్దంలో మొదట చూసుకుంది మెడనే. పొక్కు అన్నది లేదు. చెంపల మీద సన్నగా మొలిచిన ముళ్లు మాత్రం ఉన్నాయి, దాసన్న చెప్పినట్టే.

బండి మీద ఉరుకుంద చేరేసరికి జనం జాతరలా ఉన్నారు. సత్రం పక్క టీ అంగడిలో వేడినీళ్లు అడిగి తెచ్చింది మద్దమ్మ. బండి అద్దం తన వైపు తిప్పుకుని, కింద కూర్చుని, ధనుంజయ నురగ పట్టించాడు. ఒక చెంప అయింది. అప్పుడు ఫోన్ మోగింది.

"అన్నా, యాడుండావు? మంగలాయన వచ్చి కూర్చున్నాడు. మా అత్త తొందర పెడతాంది. వసంతకుమారన్న వచ్చేసినాడు."

చెయ్యి బిగిసింది. రెండో చెంప మీద రెండు లాగులు లాగేసి పరుగెత్తాలనిపించింది. మద్దమ్మ అద్దం కదలకుండా పట్టుకుంది. ధనుంజయ ఊపిరి వదిలి, వేళ్లు వదులు చేసుకుని, గొంతు ఎడమ పక్కను అడ్డంగానే, మెల్లగానే గీశాడు. చన్నీళ్లతో కడుక్కుని అప్పుడు పరుగెత్తాడు.

చాప మీద వసంతకుమార్ తొడల మీద కొత్త తువ్వాలు పరుచుకుని కూర్చుని ఉన్నాడు. అన్నను చూసి లేవాలో వద్దో తెలియక సగం లేచాడు. మంగలాయన కత్తెర తుడుస్తూ తల ఎత్తి, "మేనమామ ఎవరప్పా?" అన్నాడు. శివలీల పాపను ఎత్తుకుని ఇద్దరి మధ్యా నిలబడింది. అత్త మొహం చూసింది, అన్న మొహం చూసింది. చూసి, అన్న దగ్గరికి నడిచింది.

కుందు అలవాటు ప్రకారం పెదవి విరిచింది. ధనుంజయ కదలకుండా చెంప చూపించి నిలబడ్డాడు. పాప భయం భయంగా ఒక వేలు పెట్టింది. ఏమీ గుచ్చుకోలేదు. చెయ్యంతా పెట్టింది, జారింది. రెండో చెయ్యి పెట్టింది. మేనమామ మెడ పట్టుకుని ముందుకు వంగి, నోరు తెరిచి, కొత్తగా మొలిచిన రెండు పళ్లతో ఆ నున్నటి చెంపను కసుక్కున కొరికింది.

"అబ్బా!" అని ధనుంజయ పెట్టిన కేకకు చుట్టూ ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు. కుందు కిలకిలా నవ్వింది.

"ఇంకేం, కూచోప్పా తొందరగా. బిడ్డ నవ్వుతాండేటప్పుడే కత్తెర పడాల" అన్నాడు మంగలాయన. వసంతకుమార్ తన తువ్వాలు తీసి తనే అన్న తొడల మీద పరిచాడు.

మొదటి కత్తెర ధనుంజయ వేశాడు, పడుగు దువ్వే చేత్తోనే. తల నున్నగా అయ్యేదాకా కుందు అతని చెంపకు ఆనుకుని కూర్చుంది, ఒక్కసారి కూడా ఏడవలేదు. ఏడ్చింది ధనుంజయ. పంటిగాటు మంటగా ఉందని అందరికీ చెప్పాడు.