ఏడున్నర బస్సును మాయం చేసిందెవరు?

ఎనిమిది దాటినా బస్సు రాలేదు. వరుసగా నాలుగో రోజు. చౌడేపల్లె పక్క ఊరి స్టాపులో పదకొండు మంది ఆడపిల్లలు బ్యాగులు తగిలించుకుని నిలబడ్డారు. పుంగనూరు కాలేజీలో ఈపాటికి మొదటి క్లాసు మొదలైపోయి ఉంటుంది.

"ఇంక సాలు," అంది వెంకటమ్మ, కూతురు రాణి చెయ్యి పట్టుకుని. "బస్సుంటేనే సదువు. రేపట్నించి టమాటా కోతకు రా."

"నేనుండంగా యాడికి పోతాది బస్సు?" అంటూ గంగాధరం ముందుకొచ్చాడు. బాలికా విద్యా సాధన సమితికి అధ్యక్షుడాయన. కార్యదర్శి, సభ్యుడు కూడా ఆయనే. మొన్న కుప్పం సభలో ఆడపిల్లల చదువు మీద నలభై నిమిషాలు మాట్లాడాడు. మైకు ఆపేశాక మరో పది నిమిషాలు మాట్లాడాడు. "ఇది కుట్ర! ఆ దొంగెవడో ఈ పొద్దే తేలుస్తా."

మొదటి అనుమానం ఆటో మునికుమార్ మీద. బస్సు లేకపోతే లాభం అతనికే కదా!

"పదకొండు మందిని యాడ కూర్సోబెట్టేదన్నా? టాపు మీదనా?" అన్నాడు మునికుమార్.

కేసు అక్కడే కుప్పకూలింది. అయినా గంగాధరం అంతా అర్థమైనట్టు తలాడించి, తల్లీకూతుళ్ళతో అదే ఆటో ఎక్కి డిపోకు వెళ్ళాడు.

గుమాస్తా ఫైలు తీశాడు. "బస్సును తెల్లారి ఐదుకు మార్చమని మీ ఊరోళ్ళే అర్జీ ఇచ్చినారు. మదనపల్లె మార్కెట్ యార్డుకు రైతులు పోవాలంట. మొదటి సంతకం పెట్టినాయన వద్దని రాసిస్తే, సోమవారం నుంచి పాత టైముకే పంపిస్తాం."

"ద్రోహి!" గంగాధరం బల్ల గుద్దాడు. "వాడి పేరు సదువు రాణీ! గట్టిగా! ఆడపిల్ల గొంతు పైకి లేవాల!"

రాణి కాగితం చూసింది. ఆయన్ని చూసింది. "వద్దులే పెద్దనాయనా," అంది మెల్లగా.

గంగాధరం కాగితం లాక్కున్నాడు.

టీ అంగడి దగ్గర ఎవరో తెచ్చిన అర్జీ అది. అందులో ఏముందని ఆయన అడగనే లేదు. మొదటి సంతకం ఎవరిదన్న దాని మీద మాత్రం పావుగంట పోట్లాడి గెలిచాడు. తన పేరు కింద సమితి పేరు, హోదా కూడా గుండ్రంగా రాసుకున్నాడు.

"ఎవురప్పా ఆ పాపిష్టోడు?" వెంకటమ్మ గొంతు పెంచింది. వెనక క్యూలో వాళ్ళు మెడలు సాచారు.

కళ్ళజోడు తేలేదని చెబుదామనుకున్నాడు. అది ముక్కు మీదే ఉంది. అక్షరాలు అలుక్కుపోయాయందామనుకున్నాడు. ఆయన చేతిరాత ముత్యాల్లా మెరుస్తోంది. రాణి మాత్రం తల వంచుకుని నిలబడింది. ఆయన పరువు కోసం ఆ పిల్ల రేపు కోతకు పోయేట్టుంది.

గంగాధరం గుమాస్తా దగ్గర పెన్ను అడిగి తీసుకున్నాడు. ఈసారి మైకు లేకపోయినా ఆయన గొంతు హాలంతా వినబడింది.

"నేనే వెంకటమ్మా. గంగాధరం."