రాగంటే తైదలే

ఇదంతా నోట్‌బుక్కు చూసి చెబుతున్నాను. కోరుట్లలో మూడో తరగతి టీచర్ని నేను, కృపారాణిని. ముప్పై రెండు మంది పిల్లలు. జూన్‌లో వచ్చినవాళ్ల పేర్లు ఆగస్టుకు కూడా నోటికి రాలేదు. చిన్నప్పటి ఎక్కాలు గడగడా వస్తాయి, నిన్నటి పేరు రాదు. పైగా చేతుల వణుకు.

హైదరాబాదు డాక్టరు అరుదైన జబ్బన్నాడు. తిన్నదాంట్లోని రాగి బయటికి పోక మెదడులో పేరుకుంటోందట. మాత్రలు రాసి, "రాగి దగ్గరికి రానివ్వకండి, జ్ఞాపకం కొంత తిరిగొస్తుంది. నెలకు మళ్లీ రండి," అన్నాడు. ఇంకా చాలా చెప్పాడు. బస్సు జగిత్యాల చేరేసరికి నాకు రాగి ఒక్కటే మిగిలింది.

"రాగంటే తైదలే బిడ్డ. జావ కాసుకునే తైదల్నే పుస్తకాలోళ్లు రాగులంటరు," అంది అమ్మ. ఇంట్లో ఉన్న తైదలన్నీ పక్కింటి నాగవ్వకిచ్చేసింది. టీచర్ని, నాకైనా తట్టాలి. తట్టలేదు.

అంతలో తెలంగాణ కోసం సకల జనుల సమ్మె. బస్సుల్లేవు, బడి లేదు. హెడ్మాస్టరు మొగిలి సారు మొహమాటంగానే చెప్పాడు: "బడి తెరిచేవరకు పేర్లు రావాలె మేడం. లేకుంటె ఇంకొకల్లను చూసుకుంటం."

సిరిసిల్ల మేనత్త కానుకగా పెట్టిన చెంబులో రాత్రి పోసి ఉంచిన నీళ్లు రోజూ పొద్దున్నే అమ్మ తెచ్చేది. "తాగు బిడ్డ, పెయ్యికి మంచిది." తాగి రిజిస్టరు ముందేసుకునేదాన్ని. ఊరంతా సమ్మె వంటావార్పని రోడ్డు మీద కలిసి వండుకు తింటుంటే, నేను గదిలో ఒక్కదాన్నే హాజరు పిలిచేదాన్ని. పలికేవాళ్లు లేరు. పంతొమ్మిది పేర్లదాకా వచ్చి, మళ్లీ పదకొండుకు పడిపోయాను.

సమ్మె ముగిశాక అమ్మతో వెళ్తే, డాక్టరు రక్తపరీక్ష చూసి అడిగాడు. "నీళ్లు దేంట్లో తాగుతున్నారు?"

"చెంబుల సారు," అంది అమ్మ.

"ఏ చెంబు?"

అమ్మ మెల్లగా, "రాగిదే," అంది.

బడికి కొత్త టీచరు వచ్చింది. ఒకరోజు అటుగా వెళ్తుంటే కిటికీలోంచి పిల్లలు "కృపా టీచర్!" అని అరిచారు. వాళ్లకు నా పేరు గుర్తుంది. ఒక్కరినైనా పేరు పెట్టి పిలుద్దామంటే నాకు రాలేదు. అంత ఒంటరిగా ఎప్పుడూ అనిపించలేదు.

ఇప్పుడు మా ఇంట్లో అన్నీ స్టీలువే. పొద్దున లేవగానే అడుగుతాను, "అమ్మా, చెంబేది?" అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోతుంది. ఏమైందో తెలియక నోట్‌బుక్కు తీస్తాను. మొదటి పేజీలో నా రాతే, పెద్దక్షరాలతో:

"చెంబు అడగవద్దు. అమ్మ ఏడుస్తుంది."

రోజూ అడిగిన తర్వాతే చదువుతాను.