ఉత్తరపు గుమ్మం

వియ్యపురాలు ఒడెట్ తన అన్నగారిని కూడా వెంటబెట్టుకొచ్చింది. ఫుల్జాన్స్‌గారు రిటైరైన నోటరీ. మెడకి పట్టు స్కార్ఫు, చేతిలో వెండి పిడి కర్ర. కారు దిగి, ఊరి పాత చిన్న చర్చి ముందు గడ్డిలో చకచకా నడిచి వస్తున్న ఆయన్ని చూడగానే, ఆ కర్ర ఊతానికి కాదు, జనానికి దారి చూపించడానికని హెర్వెలిన్‌కి అర్థమైపోయింది.

"జూన్‌లో పిల్లల పెళ్ళి ఇక్కడే కదా వదినగారూ, ఈ చాపెల్ చరిత్ర మనకి తెలియకపోతే ఎలా చెప్పండి? అన్నయ్య అంతా చదివేశాడు" అంది ఒడెట్.

హెర్వెలిన్ పుట్టింది ఈ చాపెల్‌కి కూతవేటు దూరంలో. ఒడెట్ మొన్నమొన్ననే రెన్ నగరం నుంచి వచ్చి, సముద్రం ఒడ్డున ఒక జాలరి ఇల్లు కొని, దాని కిటికీలకి నీలం రంగు వేయించి, ఫ్రాన్సు పడమటి తీరంలోని ఈ బ్రిటనీ అంతా తనదేనన్నట్టు మాట్లాడుతోంది.

భర్త జోబ్ వెనక నుంచి హెర్వెలిన్ మోచెయ్యి గిల్లాడు. "ఇవాళొక్కరోజు నోరు కట్టేసుకోవే తల్లీ. మనబ్బాయి చేపల వేటకెళ్ళి సముద్రం మీదున్నాడు. తిరిగొచ్చేసరికి సంబంధం పోయిందని ఏ మొహం పెట్టుకుని చెప్తాం?"

"నేనేమన్నా అన్నానా?"

"నువ్వనలేదు. నీ మొహం అంటోంది."

జోబ్ భయానికి కారణం ఉంది. హెర్వెలిన్ తల్లివైపు వాళ్ళు తరతరాలుగా తాళ్ళు పేనేవాళ్ళు. ఈ ప్రాంతంలో ఆ మాట ఒకప్పుడు తిట్టు. వాళ్ళు కుష్ఠురోగుల సంతతని ఊళ్ళు వాళ్ళని దూరం పెట్టాయి. హెర్వెలిన్ చిన్నప్పుడు కూడా పెళ్ళి సంబంధాల దగ్గర పెద్దవాళ్ళు గొంతు తగ్గించి ఆ సంగతి వాకబు చేసేవారు. ఆమె కన్నకొడుక్కి కూడా చెప్పలేదు.

దక్షిణం వైపు చిన్న తలుపు తెరుచుకుని అందరూ లోపలికి వెళ్ళారు. ఫుల్జాన్స్‌గారు గొంతు సవరించుకున్నాడు. పవిత్ర యుద్ధానికి వెళ్ళిన ఒక ప్రభువు, ఓడ మునిగిపోతుంటే మొక్కుకున్నాడట. బతికొచ్చి ఈ చాపెల్ కట్టించాడట. ఆ ఓడ తెరచాపల రంగు కూడా ఆయనకి తెలుసు. దగ్గరుండి చూసినట్టు చెప్పుకుపోయాడు.

తరవాత ఉత్తరపు గోడలో ఉన్న పొట్టి గుమ్మాన్ని కర్రతో తట్టాడు. "ఇది వినయ ద్వారం. అంతటి ప్రభువూ నడుం వంచి, ఇందులోంచే లోపలికి వచ్చేవాడు."

"ఎంత గొప్ప మనసో!" ఒడెట్ కళ్ళు తుడుచుకుంది.

హెర్వెలిన్ పళ్ళు బిగపట్టింది. ఎండ పొడ సోకని, దూలగొండి తప్ప ఏదీ మొలవని ఆ వైపు నుంచి ప్రభువు వచ్చేవాడట! తన వంశ చిహ్నం రోడ్డు మీదికి కనిపించాలని గోపురం నుదుటనే చెక్కించుకున్న మనిషి, నడుం వంచాడట! చదువుకున్నవాళ్ళకి ఒక చిన్న తలుపు కనిపిస్తే చాలు, దానికో పెద్ద మనసు తగిలిస్తారు.

"మామయ్యా, ఈ చాపెల్‌కున్న మగ్దలేన మరియ పేరు కుష్ఠురోగులుండే చోట్ల పెట్టేవారని ఎక్కడో చదివాను, మరి ఇక్కడ..." అంది పెళ్ళికూతురు క్లెర్వి.

"ఆ, ఉండేవాళ్ళులే కొందరు. వాళ్ళని కాకూలనేవారు. తాళ్ళు పేనుకునేవాళ్ళు. ఒంటి మీద రోగం లేకపోయినా వంశంలో ఉందని బావి ముట్టుకోనిచ్చేవారు కాదు. ఎప్పుడో నశించిపోయార్లే."

"నశించరూ మరి? అలాంటి ఇంటికి పిల్లనెవరిస్తారు?" ఒడెట్ కిలకిల నవ్వింది.

జోబ్ తలెత్తి పైకప్పు దూలాలకేసి చూడసాగాడు.

"జూన్‌లో మీరే ఇస్తున్నారుగా వదినగారూ" అంది హెర్వెలిన్.

నవ్వు ఆగిపోయింది. అన్న తరవాత ఇక దాచడానికి ఏముంది? ఆమె ఆ గుమ్మం దగ్గరికి నడిచింది.

"ఇందులోంచి వచ్చింది మావాళ్ళు. వచ్చి అదుగో, అక్కడ గంట కింద నిలబడాలి. అడుగు ముందుకేస్తే తన్నేవారు. పవిత్ర జలం కర్ర చివర గుడ్డ కట్టి అందించేవారు. ఆ గంట తాడు పేనేది మేమే, అది మాత్రం మైల కాదు. మా అమ్మమ్మ కాలానికి అడ్డగించేవాడు ఒక్కడూ లేడు. అయినా పెద్ద గుమ్మం తొక్కలేదావిడ. పెళ్ళికీ ఇందులోంచే వచ్చింది. శవపేటికనీ ఇందులోంచే దూర్చారు."

ఇక సంబంధం తెగినట్టేననుకుంది హెర్వెలిన్. ఛీత్కారానికి ఆమె సిద్ధంగానే ఉంది. దానికి తగిన జవాబులు చిన్నప్పటినుంచీ కూడబెట్టుకుంది.

ఒడెట్ రెండు చేతులూ చప్పున చరిచింది. "అయ్యో వదినగారూ, ఇన్నాళ్ళూ చెప్పలేదే! ఎంత పాత వంశం! మాది ఎంత తవ్వినా ఓ వెన్న వ్యాపారి దగ్గర ఆగిపోయింది, కదన్నయ్యా?"

"నేనెప్పుడూ అనుకుంటూనే ఉన్నా, ఈ గుమ్మం వాళ్ళదే అయ్యుంటుందని" అన్నాడు ఫుల్జాన్స్‌గారు. వినయ ద్వారం అప్పుడే ఆయన నోట్లోంచి మాయమైపోయింది. "కాకూల గురించి మీకు తెలియనివి కొన్ని చెప్తాను, వినండి."

హెర్వెలిన్ నిర్ఘాంతపోయింది. అసహ్యించుకుంటే నిలబడేది. ఇదేమిటి, పాతబడ్డ కొద్దీ రుచని పళ్ళసారాని చప్పరించినట్టు, తన అమ్మమ్మ అవమానాన్ని చప్పరిస్తున్నారు!

"అయితే పిల్లలు ఈ గుమ్మంలోంచే రావాలి! ఫొటోలు ఎలా వస్తాయో చూడండి!" అంటూ ఒడెట్ తలుపు లాగి, బయటికెళ్ళి, చిరునవ్వుతో లోపలికి అడుగేసింది. గుమ్మం పైకమ్మీ నుదుటికి ఠంగున తగిలింది. టోపీ దూలగొండిలో పడింది.

జోబ్ నవ్వుని దగ్గుగా మార్చుకున్నాడు. హెర్వెలిన్ నవ్వలేదు.

"నా కొడుకు ఆ గుమ్మంలోంచి రాడు వదినగారూ. పెద్ద గుమ్మం రెండు తలుపులూ తెరవాలి. మధ్యలోంచి నడిచొస్తారు."

"కానీ ఇది మీ సంప్రదాయం కదా..." ఒడెట్ నుదురు రుద్దుకుంటూ అంది.

"సంప్రదాయం కాదు. మెడలు పట్టి వంచారు, అలవాటైపోయింది."

"ఒక్క ఫొటోకైనా?"

"అంత ముచ్చటగా ఉంటే మీరు రండి అందులోంచి. ఈసారి కాస్త ఎక్కువ వంగండి."

క్లెర్వి మేనమామ పక్కనుంచి కదిలి వచ్చింది. "నేను పెద్ద గుమ్మంలోంచే వస్తానత్తయ్యా. మీ అబ్బాయికి తెలుసా ఇదంతా?"

"తెలీదు."

"నేను చెప్పనా, మీరు చెప్తారా?"

"నేనే చెప్తాను. మీ మామయ్య చేత మాత్రం చెప్పించకు."

ఆ పిల్ల నవ్వాపుకుంటూ వెళ్ళి పెద్ద గుమ్మం గడియ పట్టుకుని లాగింది. అది కదల్లేదు. జోబ్ కూడా వచ్చి భుజం ఆన్చాడు. తలుపులు మూలుగుతూ విడిపోయి, చాపెల్ సగం దాకా వెలుతురు పరుచుకుంది. వెనకాల ఫుల్జాన్స్‌గారు చెల్లెలికి కాకూల బట్టల మీద కుట్టే ఎర్ర గుర్తు గురించి చెప్తున్నాడు. అది పెళ్ళికూతురి గౌను మీద బాగుంటుందేమోనని ఒడెట్ అడుగుతోంది.

హెర్వెలిన్ మడతబందుల మీది తుప్పుని గోటితో గీకి చూసింది. "వీటికి నూనె పెట్టాలి" అంది జోబ్‌తో.

"అయితే పెళ్ళి ఉన్నట్టేనా?"

"ఉంది. వీళ్ళతోనే. ఏం చేస్తాం?"