కొత్తల్లుడు ఏం తింటాడు?

చేపల ప్రదర్శనశాలలో నాది కంప్యూటర్ పని, మా ఆయనది చేపల పెంపకం. గుడ్ల నుంచి కంటికి రెప్పలా కాచుకుంటూ పెంచిన వెండి చేపపిల్లల గుంపు ఒకటి ఆయనకుంది. వేలెడంత కూడా లేని ఆ పిల్లల మీద ఉన్న శ్రద్ధలో సగం నా మీద పెట్టి ఉంటే ఈపాటికి నేను లావెక్కేదాన్ని. మర్నాడే పెద్ద తొట్టి ప్రారంభం. వాటిని అందులో వదలాలని ఆయన ఆరాటం.

అంతలో డైరెక్టర్ గారు ఎక్కడినుంచో ఒక నీలంరంగు చేపను తెప్పించారు. దానికి జరుగుతున్న మర్యాదలు చూసి మా ఆయన 'కొత్తల్లుడు' అని పేరు పెట్టాడు.

"దీన్ని కూడా ఆ తొట్టిలోనే వెయ్యండి. నీ ఆంటాలజీ కూడా సరేనందిగా అమ్మా" అన్నారు డైరెక్టర్.

ఆంటాలజీ అంటే బెదిరిపోవాల్సిందేమీ లేదు. ఏ చేప ఏ జాతిది, ఏం తింటుంది, ఎవరితో ఉండగలదు అన్న సంగతులూ నియమాలూ కంప్యూటర్‌కి చెప్పి, మిగతాది దాన్నే తేల్చుకోమనడం. తెర మీద పచ్చగా 'సరిపడుతుంది' అని ఉన్నమాట నిజమే. నాకే ఎందుకో నమ్మబుద్ధి కాలేదు. దాని వివరాలు తెరిచి చూశాను. 'ఆహారం' అన్నచోట ఖాళీ! అమ్మినవాడు చెప్పలేదు, మావాళ్లెవరూ అడగలేదు. ఆహారంలో చేప లేకపోతే చిన్నచేపలతో ఉండొచ్చన్నది నియమం. ఖాళీలో చేప ఎక్కడుంటుంది? ప్రోగ్రాం గుడ్డిగా తలూపేసింది.

చెప్పకపోతే తినదని అర్థమా! నాకు ఒళ్లు మండింది. అప్పటికప్పుడు నియమం మార్చాను. విలువ లేనిచోట ఔననొద్దు, కాదనొద్దు, తెలియదని చెప్పు. పచ్చ కాస్తా పసుపయింది.

"తెలియదని చెప్పడానికి కంప్యూటరెందుకమ్మా? ఆ మాత్రం నేనూ చెప్పగలను" అన్నారు డైరెక్టర్.

"మరి చెప్పలేదేం సార్?" నా నోరు ఊరుకోదు కదా.

మా ఆయన కొత్తల్లుణ్ని విడి తొట్టిలో ఉంచి నాచు గుళికలు వేశాడు. ఒక్కటి కూడా మిగల్లేదు. డైరెక్టర్ చప్పట్లు కొట్టారు. "శుద్ధ శాకాహారి! రాసెయ్యమ్మా."

రాశాను. వెంటనే పచ్చ! ఇప్పుడు ఆ చోటు ఖాళీగా లేదు, అందులో చేప కూడా లేదు. గుళికలు తింటాడని తెలిసింది సరే, గుళికలే తింటాడని ఎవరన్నారు? మళ్లీ మార్చాను. చేప వేసి చూసి, తినలేదని రాసేదాకా పచ్చ రాకూడదు.

"ఇలాగైతే రేపు ప్రారంభం అయినట్టే" అని డైరెక్టర్ విసుక్కున్నారు. మా ఆయన కూడా మెత్తబడ్డాడు. "పోనీలే, గుళికలు తింటున్నాడుగా..."

"నీ పిల్లల్ని నువ్వే వాడికి వడ్డిస్తావా?" అన్నాను.

ఆయన ముఖం పాలిపోయింది. వెళ్లి, ఫ్రిజ్‌లోంచి చచ్చిన చిన్నచేపను తెచ్చి నీళ్లలోకి జారవిడిచాడు.

నీళ్లు ఒక్కసారి చెదిరాయి. చేప లేదు. ఇంకొకటి వేస్తే అది నీళ్లను తాకిందో లేదో, అదీ లేదు. "అమ్మ బాబోయ్!" అంటూ డైరెక్టర్ వెనక్కి జరిగారు.

నేను కంప్యూటర్ దగ్గరికి పరుగెత్తాను. గుళికలు చెరిపేయకుండా వాటి పక్కనే చేపను చేర్చాను. రెండూ తిన్నాడు మరి. తెర ఎర్రబడింది. 'సరిపడదు. చేపలు తింటుంది.' ఎరుపు చూసి నేనంత సంబరపడటం అదే మొదలు. కుర్చీలోంచి ఎగిరి గంతేశాను.

"కొత్తల్లుడికి వేరు కాపురం పెట్టించండయ్యా" అన్నారు డైరెక్టర్. తర్వాత నా వైపు తిరిగారు. "నువ్వు పట్టుబట్టి మంచిపని చేశావమ్మా. మిగతా ఖాళీలు కూడా చూడు. తెలియనివన్నీ తెలియదనే ఉండనీ."

మర్నాడు పెద్ద తొట్టిలో దీపాలు వెలిగాయి. వెండి గుంపంతా ఒక్కసారిగా పక్కకు తిరిగింది. జనం కేరింతలు కొట్టారు. మా ఆయన మాత్రం అద్దానికి ముక్కు ఆనించి లెక్కపెడుతూనే ఉన్నాడు. చివరికి కళ్లు తుడుచుకుంటూ నా వైపు తిరిగాడు.

"ఒక్కటి కూడా తగ్గలేదే!" అని అరిచాడు.

నాకు సంతోషం ఆగలేదు. అంతమంది ముందు, డైరెక్టర్ పక్కనే నిలబడి, నోట్లో వేళ్లు పెట్టుకుని ఈల వేశాను.